లేగదూడ తొలి వాటా

కృష్ణా జిల్లా అనగానే చాలామందికి కాలువలు, వరిచేలు కళ్లకు కడతాయి. ఆ జిల్లాకు మరొక ముఖం కూడా కలదు. విజయవాడనుంచి హైదరాబాదు రహదారి వెంట పడమరగా సాగితే నందిగామ, జగ్గయ్యపేట వస్తాయి. మున్నేరు, పాలేరు వచ్చి కృష్ణలో కలిసే నేల అది. 1855లో విజయవాడ ఆనకట్ట పూర్తయి డెల్టాకు నీరు పారింది. ఆనకట్టకు ఎగువన, మిట్టమీద ఉన్న ఈ సీమకు మాత్రం ఆ నీరు ఎక్కలేదు. 1967లో నాగార్జునసాగర్ నీరు విడుదలై, ఎడమకాలువ క్రమంగా ఇటువైపు వచ్చేవరకు ఇక్కడి సేద్యమంతా చాలావరకు వానదేవుని దయమీదనే నడిచింది. 2022 ఏప్రిల్‌లో ఈ ప్రాంతం ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినా, కృష్ణా మెట్ట అన్న పాతపేరు జనం నోట నిలిచే ఉంది.

జొన్న, పత్తి, మిరప, అపరాలు పండే మెట్టసీమలో పంట ఒక ఏడు చేతికి వస్తే మరొక ఏడు ఎండిపోతుంది. ఆ ఎండిన ఏడు రైతును నిలబెట్టేవి పాడిగేదె, దుక్కిటెద్దు, గొర్రెలమంద. అయితే పాడి అన్నది దూడతో మొదలవుతుంది. ఈనాడు పుట్టిన పెయ్యదూడ మూడు నాలుగేళ్లకు గాని పాలగిన్నె నింపదు. అది పుట్టిన నెలలోనే చనిపోతే పోయేది ఒక చిన్న ప్రాణమే కాదు, రాబోయే ఒక పాడి మొత్తం. లేగదూడల చావులలో ఎక్కువ భాగం మొదటి కొద్ది వారాలలోనే సంభవిస్తాయి. వాటిలో చాలవాటికి మూలం పుట్టిన మొదటి దినంలోనే పడుతుంది. ఈ సత్యం మానవునికి ఎట్లా తెలిసివచ్చిందో చెప్పేదే ఈ చరిత్ర.

పూర్వుల కట్టుబాట్లు

పశుపోషణ గురించి మన ప్రాచీనులు నిశితంగా ఆలోచించారు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో పశువుల అధికారి విధులకు ఒక అధ్యాయమే ప్రత్యేకించబడింది. దూడ పుట్టిన ఒకటి రెండు నెలలలో దానికి గుర్తు వేయాలనీ, లేత పశువులకు, ముసలివాటికి, రోగపు పశువులకు గోపాలకులు చికిత్స చేయాలనీ అందులో ఉంది. వర్షాకాలంలోను, శరత్తులోను, హేమంతంలోను రెండు పూటలా పాలు పితకవచ్చును. శిశిర, వసంత, గ్రీష్మాలలో ఒక్క పూటే పితకాలి. ఆ కాలంలో రెండోపూట పితికినవానికి బొటనవేలు తీసివేయడమే శిక్ష. మేత తక్కువైన కాలంలో దూడ నోటి పాలు దూడకు దక్కాలన్నదే ఈ కఠినశాసనం వెనుకనున్న భావమని ఊహించవచ్చును.

ఈనిన పది దినాలలోపల ఆవుపాలు మనుష్యులు తాగరాదని మనుస్మృతి నిషేధించింది. దానికి ఆనాటి కారణం అశౌచం కావచ్చును. ఫలితం మాత్రం దూడకు మేలుగానే ఉంటుంది. ఈ నిషేధం ఎంతమంది పాటించారన్నది వేరు సంగతి. తెలుగునాట గేదె ఈనిందంటే ఇరుగుపొరుగు ఇళ్లకు జున్ను వెళ్లవలసిందే. బెల్లం, మిరియం, యాలకులు వేసి కాచిన జున్ను పంచుకోవడం ఊరి మర్యాదలలో ఒకటి.

మరొక అలవాటు దేశమంతటా కనిపిస్తుంది. మాయ పడేవరకు దూడను పొదుగు దగ్గరకు పోనివ్వరు. పాలు తాగనిస్తే మాయ లోపలే నిలిచిపోతుందని భయం. ఆ భయం వెనుక మంచి ఉద్దేశమే ఉంది. అది సరియైనదో కాదో తేలడానికి చాలాకాలం పట్టింది.

పెద్దరోగం నీడలో

ఆంగ్లేయుల పాలనలో పశువైద్యానికి ప్రేరణ ఇచ్చింది దూడ కాదు, పెద్దరోగం. నోరు పుండ్లు పడి, విరేచనాలై రోజుల వ్యవధిలో మందలు మందలుగా పశువులను తుడిచిపెట్టే ఈ జాడ్యాన్ని అరికట్టాలని మద్రాసు రాజధానిలో 1866లోనే పశురోగాల చట్టం చేశారు. ఆ తరువాత హాలెన్ ఆధిపత్యాన ఒక సంఘం దేశమంతా తిరిగి 1871లో తన నివేదిక సమర్పించింది. 1889లో పుణేలో సూక్ష్మజీవశాస్త్ర ప్రయోగశాల వెలసింది. 1893లో అది హిమాలయ ప్రాంతంలోని ముక్తేశ్వర్‌కు తరలింది. 1903లో మద్రాసులో పశువైద్య కళాశాల, 1932లో రాణిపేటలో రక్తరసం తయారుచేసే సంస్థ ఏర్పడినవి. అప్పటికి కృష్ణా జిల్లా మద్రాసు రాజధానిలోనిదే గనుక ఇక్కడి పశువులకు దిక్కు ఆ సంస్థలే. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన తరువాత 1955లో మనకంటూ ఒక పశువైద్య కళాశాల వచ్చింది. తరువాత అది తిరుపతిలో స్థిరపడింది.

1954లో భారతదేశం పెద్దరోగంపై దేశవ్యాప్తంగా టీకాల ఉద్యమం ప్రారంభించింది. మన దేశంలో చివరిసారిగా ఆ రోగం 1995లో కనిపించింది. 2006లో భారతదేశం ఆ రోగక్రిమినుంచి విముక్తమైనట్లు అంతర్జాతీయ గుర్తింపు పొందింది. 2011లో ప్రపంచమంతటా అది నిర్మూలమైనట్లు ప్రకటించారు. మశూచికం తరువాత మానవుడు పూర్తిగా తుడిచివేసిన రెండవ వ్యాధి ఇదే.

ఈ టీకాల పనిలో శాస్త్రజ్ఞులకు ఒక చిక్కు ఎదురైంది. వ్యాధినిరోధకశక్తి ఉన్న తల్లికి పుట్టిన దూడకు తొలి నెలలలో టీకా వేస్తే అది పట్టేది కాదు. దూడ రక్తంలో తల్లినుంచి వచ్చిన రక్షకద్రవ్యాలు ముందే ఉండి, టీకాలోని క్రిమిని పనిచేయనిచ్చేవి కావు. అయితే ఆ ద్రవ్యాలు దూడకు ఏ దారిన చేరాయి? గర్భంలోనా, పాలలోనా? దీనికి సమాధానం అప్పటికే కొందరు వెదకి పట్టుకొన్నారు.

బొడ్డుతాడు సాక్ష్యం

పందొమ్మిదవ శతాబ్దం చివర యూరపులో దూడలకు తెల్లపారుడు పెద్ద బెడదగా ఉండేది. పుట్టిన రెండు మూడు దినాలలోనే తెల్లని, దుర్వాసనగల విరేచనాలై దూడలు కన్నుమూసేవి. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు జెన్సెన్ 1890 ప్రాంతంలో ఈ రోగాన్ని పరిశీలించి, పేగులలో సహజంగా ఉండే ఒక జాతి సూక్ష్మజీవులే దీనికి కారకులవుతాయని చూపించాడు. ఆ జీవులనే నేడు ఇ. కోలై అంటున్నాము.

1901లో ఐర్లండులోని లిమరిక్ ప్రాంతపు పాడిరైతులు ఈ జాడ్యంతో విసిగిపోగా, ఫ్రాన్సునుంచి పశువైద్య శాస్త్రజ్ఞుడు నోకార్‌ను పిలిపించారు. ఆయన పాశ్చర్‌తో కలిసి పనిచేసినవాడు. చనిపోయిన దూడలను కోసి చూచి, రోగం బొడ్డుతాడు గుండా లోపలికి ప్రవేశిస్తున్నదని ఆయన తేల్చాడు. తల్లి ఈనే చోట పేడ, మూత్రం, పాతగడ్డి కలిసిన బురద ఉంటుంది. తడిగా, తెరచి ఉన్న బొడ్డుతాడు ఆ బురదలో పడుతుంది. క్రిములకు అది వాకిలి తెరచి పిలిచినట్లే. అందుచేత ఈనే చోట శుభ్రమైన గడ్డి పరచాలని, బొడ్డును దారంతో ముడివేసి అయొడీను మందు పూయాలని ఆయన సలహా ఇచ్చాడు.

ఆ సలహా నేటికీ చెక్కుచెదరలేదు. బొడ్డువాపు, దానినుంచి కీళ్లలోకి పాకే చీము, ధనుర్వాతం వంటి ఆపదలు ఈ చిన్న జాగ్రత్తతో చాలావరకు తప్పిపోతాయి. అయినా ఒక సందేహం మిగిలింది. బొడ్డుకు మందు పూసినా కొన్ని దూడలు పారుడుతో చస్తూనే ఉన్నాయి. అదే కొట్టంలో, అదే గడ్డిమీద పుట్టిన మరికొన్ని హాయిగా గంతులేస్తున్నాయి. ఈ తేడాకు కారణమేమి?

గురివింద గింజ చెప్పిన రహస్యం

దీనికి మొదటి ఆధారం పశువుల కొట్టంలో కాక, జర్మనీలోని ఒక ప్రయోగశాలలో దొరికింది. పాల్ ఎర్లిక్ అనే శాస్త్రజ్ఞుడు ఆముదపు గింజలోని విషాన్ని, మన గురివింద గింజలోని విషాన్ని కొద్దికొద్దిగా ఎలుకలకు అలవాటు చేశాడు. కొంతకాలానికి ఆ ఎలుకలు ప్రాణాంతకమైన మోతాదును కూడా తట్టుకొన్నాయి. తరువాత ఆయన పిల్లలను తారుమారు చేశాడు. విషానికి తట్టుకొనే తల్లి దగ్గర, మామూలు తల్లికి పుట్టిన పిల్లలను వదిలాడు. ఆ పాలు తాగిన పిల్లలు కూడా విషాన్ని తట్టుకొన్నాయి. తల్లి రక్షణ పాలద్వారా బిడ్డకు అందుతుందని 1892లో ఆయన ప్రకటించాడు.

ఈ సత్యాన్ని దూడలకు అన్వయించి రుజువు చేసినవారు అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో పనిచేసిన థియోబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ అనేవారు. వీరిలో స్మిత్, పశువులకు వచ్చే ఒక జ్వరాన్ని పిడుదులు వ్యాపింపజేస్తాయని 1893లో తన సహచరునితో కలిసి నిరూపించి కీర్తి గడించినవాడు. 1922లో వీరు అప్పుడే పుట్టిన దూడలను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు తల్లి జున్నుపాలు తాగనిచ్చారు. రెండవ జట్టుకు జున్నుపాలు లేకుండా మామూలు పాలే పోశారు. జున్నుపాలు తాగిన దూడలు బతికాయి. తాగనివాటిలో ఎక్కువ భాగం దినాల వ్యవధిలోనే చనిపోయాయి. వాటి అవయవాలన్నిటా ఇ. కోలై క్రిములు విచ్చలవిడిగా పెరిగి కనిపించాయి.

దీనికి కారణం ఏమిటో తరువాతి పరిశోధనలు విశదం చేశాయి. మనుష్యులలో తల్లి రక్తంలోని ప్రతిరక్షకాలు మాయ గుండా గర్భస్థశిశువుకు చేరుతాయి. అందుచేత మానవశిశువు కొంత కవచంతోనే పుడుతుంది. ఆవు, గేదె, గొర్రె, మేకల మాయ నిర్మాణం వేరు. తల్లి రక్తానికి, పిల్ల రక్తానికి మధ్య అడ్డుపొరలు ఎక్కువ. పెద్ద అణువులైన ప్రతిరక్షకాలు వాటిని దాటలేవు. అంటే లేగదూడ ఏ కవచమూ లేకుండా ఈ లోకంలోకి వస్తుంది. ప్రకృతి ఆ కవచాన్ని పొదుగులో దాచి ఉంచింది.

ఆ కవచం దూడ రక్తంలో చేరడానికి ఒక గడువు కూడా కలదు. పుట్టిన కొత్తలో దూడ పేగుగోడ ప్రతిరక్షకాలను జీర్ణం చేయకుండా యథాతథంగా రక్తంలోకి పోనిస్తుంది. గంట గంటకూ ఈ శక్తి తగ్గుతూ, సుమారు 24 గంటలు గడిచేసరికి దాదాపు పూర్తిగా పోతుంది. ఆ తరువాత ఎంత జున్నుపాలు పోసినా అవి పేగులో కొంత మేలు చేస్తాయి గాని, రక్తంలో చేరవు.

జున్ను ఎందుకు గడ్డకడుతుంది?

మామూలు పాలు కాస్తే పొంగుతాయి. జున్నుపాలు కాస్తే గడ్డకడతాయి. ఇంటింటా తెలిసిన ఈ తేడాలోనే శాస్త్రసత్యం ఇమిడి ఉంది. మామూలు పాలలో మాంసకృత్తులు నూటికి 3 లేక 4 పాళ్లు ఉంటాయి. తొలిసారి పితికిన జున్నుపాలలో అవి 14 పాళ్ల వరకు ఉండవచ్చును. ఆ అదనపు మాంసకృత్తులలో ప్రధానమైనవి ప్రతిరక్షకాలే. కోడిగుడ్డులోని తెల్లసొన వలె ఇవి వేడికి గడ్డకడతాయి. మరొకవిధంగా చెప్పాలంటే, పళ్లెంలో ముక్కలుగా కోసి పంచుకొనే జున్నుకు ఆ గట్టితనం ఇచ్చినది దూడకు ఉద్దేశించిన కవచమే.

అయితే జున్ను మానుకోవాలా? అవసరం లేదు. వరుస మార్చుకొంటే చాలును. గేదెదూడ పుట్టినప్పుడు సుమారు 25 నుండి 30 కిలోగ్రాముల బరువు ఉంటుంది. తన బరువులో పదోవంతు, అంటే రెండున్నర నుండి మూడు లీటర్ల జున్నుపాలు దానికి మొదటి దినం అందాలి. అందులో సగమైనా పుట్టిన రెండు గంటలలోపల కడుపులో పడాలి. తొలి పితుకులోనే ప్రతిరక్షకాలు మెండు. రెండవ, మూడవ పితుకులకు అవి వేగంగా తగ్గిపోతాయి. గనుక తొలి పాలు దూడకు, మిగిలినవి జున్నుకు అన్న ఏర్పాటులో ఊరి మర్యాదా నిలుస్తుంది, దూడా నిలుస్తుంది.

మాయ పడేవరకు ఆగడం మాత్రం నష్టమే. ఆవుకైనా గేదెకైనా మాయ పడడానికి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పట్టవచ్చును. అంతలో దూడ పేగుకున్న ఆ విశేషశక్తి చాలావరకు తరిగిపోతుంది. పైగా దూడ చన్ను చీకినప్పుడు తల్లి మెదడు దిగువనున్న గ్రంథినుంచి ఆక్సిటోసిన్ అనే రసం రక్తంలోకి విడుదల అవుతుంది. పాలు చేపుకు వచ్చేదీ, గర్భసంచి ముడుచుకొనేదీ ఆ రసంవల్లనే. అంటే దూడ పాలు తాగడం మాయ పడడానికి తోడ్పడుతుందే గాని అడ్డుపడదు.

పాలలో వచ్చే శత్రువు

పాలవల్లనే దూడకు పురుగులు పడతాయని ముసలి రైతులు అనడం కద్దు. ఈ మాటను మూఢనమ్మకమని తోసివేయడానికి వీలులేదు. గేదెదూడలను పీడించే ఏలికపాముల విషయంలో అది చాలవరకు నిజమే.

టాక్సోకారా విటులోరమ్ అనే ఈ ఏలికపాము పిల్లపురుగులు పెద్ద గేదె కండరాలలో, ఇతర అవయవాలలో నిద్రాణంగా ఉంటాయి. తల్లికి వీటివల్ల బాధ కనిపించదు. ఈనే సమయానికి అవి మేలుకొని పొదుగుకు చేరి, మొదటి వారం పది దినాల పాలలో దూడ కడుపులోకి వెళతాయి. ఆస్ట్రేలియాలో వారెన్ 1971లో ప్రకటించిన పరిశోధనలు, తరువాత శ్రీలంకలో గేదెలపై జరిగిన పరిశోధనలు ఈ మార్గాన్ని స్పష్టం చేశాయి. మూడు వారాలు తిరిగేసరికి దూడ పేగులో జానెడేసి పాములు తయారవుతాయి. పొట్ట ఉబ్బుతుంది, వెంట్రుకలు బిరుసెక్కుతాయి, విరేచనం బూడిదరంగు బంకమట్టి వలె ఉండి దుర్వాసన కొడుతుంది. పాములు ఉండగట్టి పేగుకు అడ్డుపడితే ప్రాణమే పోతుంది.

శత్రువు పాలలో వస్తున్నాడని పాలు మానిపించరాదు. కవచం వచ్చేదీ ఆ పాలలోనే. 1950 తరువాతి దశకంలో పిపెరజీన్ అనే సురక్షితమైన మందు వాడుకలోకి వచ్చి చిక్కు తీర్చింది. దూడకు పదవ దినం ప్రాంతంలో ఒకసారి, వైద్యుడు చెప్పిన వ్యవధిలో మరొకసారి ఏలికపాముల మందు పోస్తే పురుగులు గుడ్లు పెట్టే వయస్సుకు రాకముందే వెళ్లిపోతాయి. కొట్టం నేలమీద గుడ్లు రాలవు. వచ్చే ఏటి దూడకు కూడా మేలు జరుగుతుంది.

పాలసంత, దూడ వాటా

1969లో విజయవాడలో పాల ఉత్పత్తుల కర్మాగారం ప్రారంభమైంది. అంతకుముందు ఇంటివాడకానికి, నెయ్యికి సరిపోయిన పాలు రోజూ డబ్బు తెచ్చే సరకుగా మారాయి. పాల సేకరణ పల్లెలకు వ్యాపించినకొద్దీ మెట్టరైతుకు వానతో నిమిత్తం లేని ఆదాయం లభించింది. ఇది గొప్ప మేలు. అయితే దూడ తాగే ప్రతి గుక్కకు ఒక ధర ఏర్పడింది. దాని భారం ముఖ్యంగా దున్నదూడలపై పడింది. దుక్కికి ఎద్దు, ఎద్దు తరువాత ట్రాక్టరు వచ్చినచోట దున్నదూడను ఎవరు మేపుతారు? రోగంకన్న ముందు ఆకలి దానిని క్షీణింపజేస్తుంది. క్షీణించిన దూడను పారుడు సులభంగా తీసుకుపోతుంది.

ఇక్కడ గేదె స్వభావమే రైతుకు పాఠం చెప్పింది. దూడ పోతే గేదె చేపదు. అందుకే చచ్చిన దూడ తోలులో గడ్డికూరి తల్లి ముందు నిలబెట్టే అలవాటు పుట్టింది. దూడ బతికి ఉంటే ఆ అవస్థ ఉండదు. తరువాతి కాలంలో ఆంధ్రప్రదేశ్ పశుసంవర్ధకశాఖ 'సునందిని' పేరుతో పెయ్యదూడలకు రాయితీపై దాణా, వైద్యం, బీమా కల్పించే పథకం నడిపింది. దూడపై పెట్టే ఖర్చు నష్టం కాదు, పెట్టుబడి అన్న భావన దాని వెనుక ఉన్నది.

దూడనుండి పసిబిడ్డకు

దూడల పారుడుకు సూక్ష్మజీవులొక్కటే కారణం కావని 1969లో తెలిసింది. అమెరికాలోని నెబ్రాస్కాలో మీబస్ అనే శాస్త్రజ్ఞుడు పారుడుతో బాధపడే దూడలలో ఒక వైరస్‌ను కనిపెట్టాడు. 1973లో ఆస్ట్రేలియాలో రూత్ బిషప్, ఆమె సహచరులు అటువంటి వైరస్‌నే విరేచనాలతో ఉన్న పసిపిల్లల పేగులలో చూశారు. చక్రాన్ని పోలి ఉన్నందున దీనికి రోటావైరస్ అని పేరు వచ్చింది.

ఈ కథలో తెలుగువారికి ఆసక్తి కలిగించే ఒక మలుపు ఉంది. 1980 తరువాతి దశకంలో ఢిల్లీలో, ఏ జబ్బూ చేయని నవజాతశిశువులలో ఒక రోటావైరస్ దొరికింది. దానిని పరీక్షిస్తే అది మనుష్యుల వైరసే గాని, దాని జన్యువులలో ఒకటి పశువుల వైరస్‌నుంచి వచ్చినదని తేలింది. దాని ఆధారంగానే హైదరాబాదులో రోటావాక్ టీకా తయారైంది. 2016లో ప్రభుత్వం పసిపిల్లల ఉచిత టీకాలలో రోటావైరస్ టీకాను చేర్చినప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కొట్టంలోని లేగ, ఉయ్యాలలోని బిడ్డ ఒకే శత్రువుతో పోరాడుతున్నారన్నమాట.

చికిత్స కూడా ఒకటే. పారుడుతో చనిపోయే దూడను చాలావరకు చంపేది క్రిమి కాదు, ఒంట్లో నీరు, లవణాలు పోవడం. కళ్లు లోతుకు పోయి, చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోతే ప్రమాదం సమీపించినట్లు. లవణాల పొడి కలిపిన కాచి చల్లార్చిన నీటిని కొద్దికొద్దిగా, మాటిమాటికీ పట్టించాలి. పాలు పూర్తిగా మానిపించకూడదు. లేచి నిలబడలేని దూడకు వైద్యుడే దిక్కు.

నేటి కర్తవ్యం

2024 సెప్టెంబరు ఆరంభంలో మున్నేరు పొంగి నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల పల్లెలు నీట మునిగాయి. వరదలో పెద్ద పశువు ఈది బయటపడవచ్చును. లేగదూడకు, గొర్రెపిల్లకు ఆ అవకాశం తక్కువ. నీరు తీసిన తరువాత కూడా తడినేల, మురికినీరు బొడ్డు గుండా, నోటి గుండా రోగాలను తెస్తాయి. కనుక వానకాలంలో ఈనే పశువుకు మిట్టన, పొడిగా, గాలి వీచే చోటు ముందే చూచుకోవడం మొదటి వైద్యం.

2019లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమం కింద పశువులకు గాలికుంటు టీకా, నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు బ్రూసెల్లా టీకా ఉచితంగా వేస్తున్నారు. గాలికుంటు పెద్ద పశువుకు కుంటు తెస్తుంది. లేగదూడకైతే గుండెకండరాన్ని దెబ్బతీసి హఠాత్తుగా చంపుతుంది. బ్రూసెల్లా పశువును ఈచుకుపోయేలా చేస్తుంది, మనుష్యులకు కూడా అంటుకొంటుంది. గొర్రెలు, మేకలకు వచ్చే చీడపారుడుకు సైతం స్వదేశీ టీకా ఉన్నది. టీకా వేయించిన తల్లి తన జున్నుపాలద్వారా పిల్లకు ఆ రక్షణను కొన్ని నెలలపాటు పంచిపెడుతుంది.

జెన్సెన్ మొదలు నేటివరకు శాస్త్రం నేర్పినదంతా కొట్టంలో నాలుగు పనులుగా మారుతుంది: ఈనే చోట పొడిగడ్డి, బొడ్డుకు అయొడీను, రెండు గంటలలోపల కడుపునిండా జున్నుపాలు, పదవ దినాన ఏలికపాముల మందు. వీటిలో ఖరీదైనది ఒక్కటీ లేదు. పొదుగులో దూడకోసం ప్రకృతి దాచిన తొలి వాటాను దానికి తొలిగంటలలోనే ముట్టజెప్పిన ఇంట మూడు నాలుగేళ్ల తరువాత ఆ దూడే గేదెయై పాలగిన్నె నింపుతుంది.